దీపం ఆర్పేస్తే అప్పు తీరుతుందా?

2009లో ఉద్యోగం పోయినప్పుడు అందరూ ఇచ్చిన సలహా ఒకటే, ఖర్చులు తగ్గించుకో అని. తగ్గించాను. సినిమాలు బంద్, ఆదివారం బిర్యానీ బంద్, ఇద్దరుండే గదిలో నలుగురం. నెలాఖరుకి చూస్తే మిగిలింది ఈఎంఐలో మూడో వంతు కూడా లేదు. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న, "మీ ముత్తాతలా మాత్రం చెయ్యకురా" అన్నారు.

ఆ కథ మా ఇంట్లో అందరికీ కంఠతా. తాడేపల్లిగూడెం దగ్గర మాకు ఆరెకరాల మాగాణి ఉండేదట. ముత్తాత 1928లో కూతురి పెళ్ళికి నోటు రాసి అప్పు తెచ్చాడు. 1936లో నాలుగెకరాలు అమ్మి తీర్చాడు. "పెళ్ళి భోజనాలకి పొలం కరిగించాడు" అని తరవాతి వాళ్ళు తీర్పిచ్చేశారు. కానీ మా మామ్మ చెప్పేది వేరు. ఆ ఎనిమిదేళ్ళూ ఇంట్లో కిరసనాయిలు కొనలేదట. పొద్దుండగానే తినేసి పడుకునేవాళ్ళట. పండక్కి కూడా కొత్త బట్ట లేదట. మరి ఇంత పొదుపు చేసిన మనిషి దుబారా మనిషి ఎలా అయ్యాడు?

ఎలాగూ ఖాళీయే కదా అని లెక్కలు చూడటం మొదలెట్టాను :)

1929 అక్టోబరులో న్యూయార్కులో షేర్ మార్కెట్ కూలింది. దానికీ గూడెం రైతుకీ ఏం సంబంధం అంటారా? ప్రపంచమంతా పంటల ధరలు పడిపోయాయి. దానికి తోడు బర్మా బియ్యం చవగ్గా మద్రాసు రేవులో దిగేది. నాలుగైదేళ్ళలో మన ధాన్యం ధర దాదాపు సగమైంది. అదే సమయంలో కృష్ణా, గోదావరి డెల్టాల్లో శిస్తు పెంచాలని సర్కారు చూస్తే రైతులు ఆందోళనకి దిగారు. కొల్లేరు పక్కవాళ్ళకి ఇంకో కష్టం. తమ్మిలేరు, బుడమేరు పొంగితే నీళ్ళన్నీ కొల్లేట్లోకే వస్తాయి, అవి సముద్రంలోకి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. మునిగిపోయిన చేనుకి ధర ఎంతైతే ఏం?

ఊరికే ఉదాహరణకి 600 రూపాయల అప్పు, నూటికి 12 వడ్డీ, బస్తా 6 రూపాయలు అనుకుందాం. అప్పంటే 100 బస్తాలు, ఏటా వడ్డీ 12 బస్తాలు. ధర 3 రూపాయలైతే అప్పు 200 బస్తాలు, వడ్డీ 24 బస్తాలు. కొత్తగా ఒక్క రూపాయి తేకుండానే అప్పు రెట్టింపు! కిరసనాయిలూ బట్టలూ మానేస్తే ఏడాదికి మూడో నాలుగో బస్తాలు మిగులుతాయేమో. పెరిగిన వడ్డీకే 12 కావాలి. అంటే దీపం ఆర్పేసినా, పెట్టినా ఆ అప్పు తీరేది కాదు.

ఇది ఒక్క మా ఇంటి గొడవ కాదు కాబట్టే రైతు సంఘాలు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా 130 రోజులు నడిచాయి. రాజాజీ ప్రధానిగా (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు), టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రిగా ఉన్నప్పుడు, 1938లో మద్రాసు వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం వచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పయితే, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ మొత్తం రద్దు. అప్పటికే అసలుకి రెట్టింపు కట్టేసి ఉంటే అప్పే రద్దు. ఇక మీదట వడ్డీ నూటికి ఆరుంపావు. అప్పిచ్చినవాళ్ళలో పేదవాళ్ళూ ఉంటారు కదా. అందుకే వేరే ఆస్తి లేని ఆడవాళ్ళు ఇచ్చిన 3000 రూపాయల లోపు అప్పుల జోలికి ఈ చట్టం పోలేదు. భూమి లేని కూలీకి మాత్రం ఇందులో దక్కింది ఏమీ లేదు.

ఇప్పుడు తేదీలు చూడండి. మా ముత్తాత పొలం అమ్మింది 1936లో, అంటే భూముల ధరలు కూడా అడుగంటినప్పుడు. రెండేళ్ళు మొండికేసి ఉంటే వడ్డీ పోయేది. ఇంకో నాలుగేళ్ళు ఆగితే, 1942లో బర్మా జపాను చేతుల్లోకి పోయి అక్కడి బియ్యం ఆగిపోయాక, ధాన్యం ధర ఎగిరింది. గూడెంలో యుద్ధం నాటి రన్‌వే చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఆ యుద్ధం మా వైపు చాలామంది అప్పు తీర్చింది, మా ముత్తాతకి మాత్రం ఆలస్యంగా వచ్చింది. ఆయన చేసిన తప్పల్లా మాట తప్పకపోవడం. దానికి మనవాళ్ళు డెబ్భై ఏళ్ళు ఆయన్ని దుబారా మనిషి అన్నారు.

పొదుపు వద్దని కాదు నేననేది. జీతం కదలనప్పుడు పొదుపు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. జీతమే పడిపోయి ఈఎంఐ అలాగే ఉన్నప్పుడు, కాఫీ మానెయ్యడం కంటే ముందు అప్పు షరతులు మార్చుకోవాలి. బ్యాంకుకెళ్ళి అడగడం నామోషీ అనుకుని రెండు నెలలు ఊరుకున్నాను. ఈ లెక్క వేసిన మర్నాడే వెళ్ళి అడిగాను. గడువు పెంచి ఈఎంఐ తగ్గించారు. వడ్డీ కాస్త ఎక్కువే కట్టాను, అయినా గూడెంలో మిగిలిన రెండెకరాల జోలికి పోలేదు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి లెక్కంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "అయితే తాతది తప్పు లేదంటావా" అన్నారు.

లేదు నాన్నా.