స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టుల్లో ఉప కాంట్రాక్టు

స్వచ్ఛంద సంస్థ తాను చేపట్టిన ప్రాజెక్టులో కొంత పనిని (సర్వే, శిక్షణ, అచ్చుపని వంటివి) బయటివారికి అప్పగించడాన్ని ఉప కాంట్రాక్టు అంటారు. హైదరాబాదులోని అమీర్‌పేట, పంజాగుట్టల్లో కార్యాలయాలున్న సంస్థలకు ప్రత్యేకమైన స్థానిక నియమావళి లేదు. ఇక్కడి సొసైటీలు పూర్వం 1350 ఫస్లీ నాటి తెలంగాణ ప్రాంత చట్టం కింద, తరువాత 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యాయి. ఆచరణలో ఉప కాంట్రాక్టు హద్దులను నిర్ణయించేవి మాత్రం దాతతో ఒప్పందం, సంస్థ బైలాలు, కేంద్ర చట్టాలే.

అసలు చిక్కు విదేశీ నిధుల దగ్గర వస్తుంది. 2011 మే 1న అమల్లోకి వచ్చిన విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (2010) లోని 7వ సెక్షన్, ఒక నమోదిత సంస్థ మరో నమోదిత సంస్థకు నిధి బదిలీ చేయడాన్ని అనుమతించేది. నగరంలోని పెద్ద సంస్థ జిల్లాల్లోని చిన్న సంస్థలకు నిధులు పంచే పద్ధతికి ఇదే ఆధారం. 2020 సవరణ ఆ దారి మూసేసింది. పరిపాలన ఖర్చుల పరిమితిని కూడా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. సవరణ తేదీగా కొందరు సెప్టెంబరు 28 అని, మరికొందరు 29 అని రాస్తారు. మొదటిది రాష్ట్రపతి ఆమోదం పొందిన రోజు, రెండోది అమలు తేదీ. సంస్థల లెక్కలకు రెండోదాన్నే తీసుకోవడం మేలు.

దీంతో బయటివారికిచ్చే ప్రతి చెల్లింపూ నిషిద్ధమేనన్న భయం వ్యాపించింది. నోయెల్ హార్పర్ కేసులో 2022 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు సవరణను సమర్థిస్తూనే ఈ విషయంలో కొంత స్పష్టత ఇచ్చింది. సంస్థ తన కార్యక్రమాన్ని తానే నడుపుతూ, అందులో కొన్ని పనులు బయట చేయించుకుని డబ్బు చెల్లిస్తే అది వినియోగమే. పనితో నిమిత్తం లేకుండా నిధిని మరొకరికి అందజేయడమే బదిలీ. ఉప కాంట్రాక్టు అసాధ్యమన్న వ్యాఖ్యానాల కంటే ఈ విభజనే నమ్మదగింది. అయితే పని ఉత్తర్వు, కొటేషన్లు, బిల్లు, పని పూర్తయినట్టు నివేదిక లేకుంటే తనిఖీలో ఈ వాదన నిలవడం కష్టం.

కంపెనీల సామాజిక బాధ్యత నిధుల విషయంలో, వాటిని ఖర్చు చేసే అమలు సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి.

పన్ను లెక్కలోనూ వినియోగం, బదిలీల మధ్య ఇదే తేడా కనిపిస్తుంది. 2023 ఫైనాన్స్ చట్టం తరువాత, ఒక ట్రస్టు మరో ట్రస్టుకిచ్చే విరాళంలో 85 శాతమే వినియోగంగా లెక్కకొస్తుంది. కొన్న సేవకు చెల్లించినదానికి ఈ కోత లేదు. కాంట్రాక్టు చెల్లింపు ఒకేసారి 30,000 రూపాయలు, లేదా ఏడాది మొత్తంలో లక్ష దాటితే టీడీఎస్ పట్టుకోవాలి: వ్యక్తులకు 1 శాతం, సంస్థలకు 2 శాతం.