22 మందిలో 11 మంది: ఒక చిన్న లింఫోమా ట్రయల్ చెప్పిన కథ

"క్యాన్సర్‌కి మందు దొరికేసింది" అనే ఫార్వర్డ్ మీ ఫ్యామిలీ గ్రూపులో చాలాసార్లు చూసే ఉంటారు. అలాంటి వార్త వెనక ఏం జరుగుతుందో ఇవాళ ఒక నిజమైన ట్రయల్‌తో చెప్తాను.

లింఫోమా అంటే లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలకు వచ్చే క్యాన్సర్. 1997లో అమెరికాలో దీనికి రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు వచ్చింది. అది క్యాన్సర్ కణానికి అతుక్కుని, మ్యాక్రోఫేజ్‌లకు "దీన్ని తినేయండి" అని గుర్తు పెడుతుంది. చాలామందికి మేలు చేసింది. కానీ కొందరిలో పనిచేయడం మానేసింది.

స్టాన్‌ఫర్డ్‌లో ఇర్వింగ్ వైస్‌మన్ బృందం ఇంకో విషయం పట్టుకుంది. క్యాన్సర్ కణాలు సీడీ47 అనే ప్రోటీన్ చూపించి "నన్ను తినొద్దు" అంటున్నాయి. దాన్ని మూసేసే యాంటీబాడీని రిటుక్సిమాబ్‌తో కలిపి ఇస్తే చాలా ఎలుకల్లో లింఫోమా మాయమైందని 2010లో ప్రకటించారు.

మరి మనుషులకు? ఇక్కడే చిక్కు. ఎర్ర రక్తకణాల మీద కూడా సీడీ47 ఉంటుంది. మందు ఇస్తే ముసలి ఎర్రకణాలు పోయి రక్తహీనత వస్తుంది. అందుకే మొదట కిలో బరువుకు 1 మిల్లీగ్రాము మాత్రమే ఇచ్చారు. పాతవి పోయి కొత్తవి పుట్టాక, డోసు 10 నుంచి 30 మిల్లీగ్రాములకు పెంచారు.

2018లో రంజనా అద్వానీ బృందం ఫలితాలు ప్రచురించింది. మొత్తం 22 మంది. వాళ్ళలో 95 శాతం మందికి రిటుక్సిమాబ్ పనిచేయడం లేదు. అయినా సగం మందిలో వ్యాధి తగ్గింది. 36 శాతం మందిలో పూర్తిగా కనిపించకుండా పోయింది!

ఇక్కడితో ఆపేస్తే ఇది కూడా ఇంకో ఫార్వర్డే. 2020లో గిలియడ్ ఆ కంపెనీని 490 కోట్ల డాలర్లకు కొంది. మ్యాగ్రోలిమాబ్ అనే ఈ మందుని వేరే రక్త క్యాన్సర్లలో, వేరే మందులతో కలిపి, పెద్ద ట్రయల్స్‌లో పరీక్షించారు. 2023లో రెండు ఆగాయి. 2024లో ఇంకోదాంట్లో లాభం లేకపోగా మరణాల ముప్పు పెరిగిందని తేలింది. దాంతో రక్త క్యాన్సర్లన్నిట్లో దీన్ని వదిలేశారు.

అంటే 2018 ఫలితం అబద్ధమా? కాదు. ఫేజ్ 1 అడిగేది ఒకటే: ఎంత డోసు భరించగలం, ఆశ పెట్టుకునే గుర్తు ఏమైనా ఉందా? పోల్చడానికి రెండో గుంపు లేదు. పది మంది టెస్టర్ల ఫోన్లలో నడిచిన యాప్ లక్ష మంది దగ్గర నడవాలని రూలేమీ లేదు కదా!

కాబట్టి ఈసారి ఫార్వర్డ్ వస్తే మూడే అడగండి. ఎంతమంది మీద చేశారు? ఏ ఫేజ్? దేనితో పోల్చారు? ఇంట్లో ఎవరికైనా జబ్బు ఉన్నప్పుడు ఈ మూడు ప్రశ్నలు చాలా అవసరం.