అమ్మలు పారేసిన అట్టపెట్టెలు

హార్లిక్స్ సీసాలో కందిపప్పు, బిస్కెట్ల డబ్బాలో సూదులూ దారపుండలూ, చీరతో వచ్చిన అట్టపెట్టెలో పెళ్ళి ఫోటోలు. ఇదీ మన ఆడవాళ్ళ సంసారం! ఒక వస్తువు కోసం పుట్టిన పెట్టెలో ఇంకో వస్తువు సర్దడం మనకెవరూ నేర్పనక్కర్లేదు. అదే పనిని అమెరికాలో నలభై దాటిన మగవాళ్ళు ఒక శాస్త్రంలా చేస్తున్నారంటే మాత్రం నాకు నవ్వొచ్చింది. వాళ్ళు సర్దుకునేది పప్పూ ఉప్పూ కాదు లెండి, చిన్నప్పుడు ఆడుకున్న వీడియో గేమ్ కాట్రిడ్జీలు.

కాట్రిడ్జి అంటే మీకు తెలియకపోదు. 1990ల్లో మన పిల్లలు టీవీకి తగిలించిన డబ్బాలో గుచ్చేముందు ఊఫ్ ఊఫ్‌మని ఊదేవారే, ఆ ప్లాస్టిక్ బిళ్ళ. (ఊదకూడదట. నోటి తడికి లోపలి లోహపు పళ్ళు పాడైపోతాయట. ఏ పిల్లాడు విన్నాడు గనక!) దాని పుట్టుక 1976లో. అంతకుముందు ఇంటి యంత్రాల్లో దాదాపుగా పుట్టుకతో వచ్చిన ఆటలే ఉండేవి, విసుగొస్తే యంత్రమే మూలపడేది. అమెరికాలో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ 'ఛానల్ ఎఫ్' అనే యంత్రం తెచ్చి, గ్రామఫోను ఒకటే ఉంచి రికార్డులు మార్చుకున్నట్టు, ఆటలు మార్చుకునే ఏర్పాటు చేసింది. ఆ పనికి సారథి జెర్రీ లాసన్ అనే నల్లజాతి ఇంజనీరు. మర్నాడే అన్నట్టు 1977లో అటారీ వచ్చి పేరంతా కొట్టేసింది. తరవాత జపాను నించి నింటెండో. 1889లో క్యోటోలో పేకముక్కలు చేస్తూ మొదలైన కంపెనీ అది! 1983లో జపాన్‌లోనూ, 1985లో అమెరికాలోనూ దాని యంత్రం ఇళ్ళల్లోకి దిగింది. 1989లో చేతిలో పట్టే 'గేమ్ బాయ్' వచ్చింది.

ఇక్కడే తంటా. నింటెండో కాట్రిడ్జి గట్టిదే, కింద పడ్డా పగలదు. కానీ దాన్ని అమ్మింది అట్టపెట్టెలో. సెగా కంపెనీ మాత్రం తన ఆటల్ని చాలావాటిని పుస్తకంలా తెరుచుకునే ప్లాస్టిక్ పెట్టెల్లో ఇచ్చింది, అవి నిలిచాయి. అట్టపెట్టెని ఏ పిల్లాడు జాగ్రత్తగా విప్పుతాడండీ? పుట్టినరోజు పూట చించేశాడు, మర్నాడు వాళ్ళమ్మ ఊడ్చి పారేసింది. ఇప్పుడు కాట్రిడ్జి ఒక్కటీ ఒక ధర, పెట్టే పుస్తకమూ కలిసుంటే దానికి ఎన్నో రెట్లు.

నేరం ఎవరి మీద పడిందో చెప్పక్కర్లేదుగా! "మా అమ్మ పారేసింది" అనే మాట ఈ సేకర్తల నోట తారకమంత్రం.

మా అక్క కొడుకు న్యూజెర్సీలోనే పెరిగాడు. నేను వెళ్ళినప్పుడు వాడూ అదే పాట. "పిన్నీ, ఆ పెట్టెలుంటే ఈపాటికి..." అని వాడంటుంటే అక్క వంటింట్లోంచే అందుకుంది. "రెండు గదుల ఇంట్లో నీ ఖాళీ పెట్టెలు నా నెత్తిన పెట్టుకోనా? ఆ కాట్రిడ్జీలైనా ఎలా మిగిలాయో అడుగు!" నిజమే. వాడు కాలేజీకి పోతూ మంచం కింద వదిలేసినవాటిని ఏరి, పాతచీర ముక్కలో చుట్టి, బిస్కెట్ల రేకుడబ్బాలో ఏళ్ళ తరబడి దాచింది అక్కే. వాడు నోరెత్తలేదు.

కంపెనీలే దాచనివాటిని అమ్మలు దాచాలా, మీరే చెప్పండి. 1983లో అటారీ అమ్ముడుపోని సరుకుని న్యూమెక్సికో ఎడారి ఊళ్ళో చెత్తగోతిలో పూడ్చిపెట్టింది. 2014లో తవ్వి తీస్తే ఆ చెత్తే వేలంలో లక్ష డాలర్లకి పైగా పలికింది. ఒక కాట్రిడ్జి స్మిత్‌సోనియన్ మ్యూజియంకి కూడా చేరింది.

ఇక పెట్టెలు కోసే విద్య. దీనికి మూలపురుషులు అమెరికాలోని అద్దె షాపులవాళ్ళు. పది చేతులు మారితే అట్ట ఆగదని, అట్టపెట్టెని కత్తిరించి బొమ్మని గట్టి ప్లాస్టిక్ పెట్టెకి తొడిగేవారు కొందరు. పెట్టెల మాట ఎవరికి పట్టింది గానీ, ఆట నేర్పే పుస్తకాలు జిరాక్సు తీసి ఇస్తున్నారని నింటెండో 1989లో బ్లాక్‌బస్టర్ అనే పెద్ద అద్దె కంపెనీ మీద దావా వేసింది.

మావాడు చేసింది ఇంకా నాజూకు పని. 2004లో నింటెండో డీఎస్ అని వచ్చింది. అది అంతకుముందరి గేమ్ బాయ్ అడ్వాన్స్ బిళ్ళల్ని కూడా ఆడించేది కాబట్టి, దాని ప్లాస్టిక్ పెట్టెలో వాటికోసం ఒక చిన్న గూడు కూడా పెట్టారు. 1989 నాటి గేమ్ బాయ్ బిళ్ళకి వెడల్పు దాదాపు అంతే, పొడుగు మాత్రం రెట్టింపుకి దగ్గర. కనక పక్కగోడలు ఉంచి పైగోడ తీసేస్తే చాలు. కటింగ్ ప్లేయరుతో తుంచాడు, కట్టరుతో చెక్కాడు, ఉప్పుకాగితంతో రుద్దాడు. బిళ్ళ పెట్టి మూత వేసి చెవి దగ్గర ఆడించాడు. లొడలొడ వినిపిస్తే ఓ స్పాంజి ముక్క. జాకెట్టు చంక దగ్గర కుట్టు విప్పి ముక్క అతికినట్టే ఉంది ఆ పని!

ఒక్క విషయంలో మాత్రం వాణ్ణి మెచ్చుకున్నాను. ఏ పెట్టె పడితే ఆ పెట్టె కొయ్యడు. సెగావారి పాత పెట్టెలు కూడా ఇప్పుడు అరుదే. ఒక పాతదాన్ని నిలబెట్టడానికి ఇంకో పాతదాన్ని నరకడమేమిటి? లోపలి ఆట పోయి, ఎవరికీ అక్కర్లేక గుట్టలుగా అమ్మే ఖాళీ పెట్టెలే కొంటాడు. పైన కొత్తగా అచ్చేసిన బొమ్మ తొడిగి, వెనకాల మూలన 'నకలు' అని రాస్తాడు. రేపెవరైనా అసలుదని అమ్మేస్తే కొన్నవాడి గతేం కాను?

పెట్టె కుదిరినా లోపలి సంగతి వేరే ఉంది. ఆటలో ఎక్కడిదాకా వచ్చామో గుర్తుండటానికి కొన్ని బిళ్ళల్లో నాణెం లాంటి బ్యాటరీ ఉంటుంది. ఏళ్ళు గడిస్తే అది నీరసిస్తుంది, ఊరికే మార్చేస్తే జ్ఞాపకం చెరిగిపోతుంది. 1998లో అమెరికాకి వచ్చిన ఎర్ర పోకెమాన్ బిళ్ళలో వాడి పేరు ఇంకా ఉంది. ఆ ఆటలో పేరుకి ఏడు ఇంగ్లీషు అక్షరాలే పడతాయి. వాడి పేరుకి ఎనిమిది. చివరక్షరం కోసేసి పెట్టుకున్నాడు, పన్నెండేళ్ళ వయసులో. ఆ జ్ఞాపకాన్ని ముందు కంప్యూటర్లోకి ఎత్తి పెట్టుకునే పరికరం దొరుకుతుందట. అది వచ్చేదాకా ఆ బిళ్ళ మరలు విప్పనన్నాడు. పెట్టె మాత్రం కోసి సిద్ధంగా ఉంచాడు.