చంకలో బిడ్డ, కారులో బిడ్డ



'చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు' అని మనకొక సామెత ఉంది. ఇది విన్నప్పుడల్లా నవ్వుకుంటాం. ఆ తల్లి బిడ్డను మరిచిపోయింది, అయినా మనకు భయం కలగదు. ఎందుకంటే బిడ్డ ఎక్కడికీ పోలేదు, తల్లి ఒంటిని అంటిపెట్టుకునే ఉంది. మరపు ఉంది గాని ప్రమాదం లేదు. అటువంటి మరపే మన కాలంలో పసిప్రాణాలు తీసేదిగా మారింది. ఆగి ఉన్న కారులో బిడ్డను మరిచిపోవడం, ఆ కారు ఎండలో కాగిపోయి బిడ్డ చనిపోవడం అనేది మన తాతలు ఎరగని మృత్యువు. అది మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో, దానికి ఎవరిని తప్పుపట్టాలో, ఏం చేస్తే అడ్డుకోగలమో ఈరోజు మీతో చెప్పాలనుకుంటున్నాను.

మా అంబత్తూరుకు బండ్లతో చాలా పాత సంబంధం ఉంది. 1949లో స్థాపించిన టి.ఐ. సైకిల్స్ కర్మాగారం ఇక్కడిదే. పక్కనే పాడిలో 1961లో మొదలైన లూకాస్ టి.వి.ఎస్. కార్లకు, లారీలకు విద్యుత్ పరికరాలు తయారు చేసింది. 1964లో పారిశ్రామిక వాడ వెలిసింది. ఆ పనులకోసం తెలుగు కుటుంబాలు కూడా వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. అంచేత బిడ్డ ప్రయాణం ఎలా మారుతూ వచ్చిందో చెప్పడానికి ఈ ఊరే మంచి ఉదాహరణ.

మొదట బిడ్డ చంకలో ఉండేది. తరువాత సైకిలు వచ్చింది. హ్యాండిల్ వెనుక కమ్మీకి చిన్న సీటు బిగించి, తండ్రి తన రెండు చేతుల మధ్య బిడ్డను కూర్చోబెట్టుకునేవాడు. ఆపైన స్కూటరు వచ్చింది. పెద్దబిడ్డ ముందు నిలబడేది, చిన్నబిడ్డ వెనుక అమ్మ ఒడిలో ఉండేది. ఈ ప్రయాణాల్లో ప్రమాదాలు లేవని నేననడం లేదు, చాలా ఉన్నాయి. కాని బిడ్డను మరిచిపోయే వీలు మాత్రం లేదు. బిడ్డను దించకుండా తండ్రి సైకిలుకు స్టాండు వేయలేడు. బిడ్డ తల గడ్డానికి తగులుతూనే ఉంటుంది. అంటే జ్ఞాపకం మెదడులో ఒక్కచోటనే కాదు, ఒంట్లో కూడా ఉండేది.

కారు ఈ స్పర్శను తీసేసింది. మన దేశంలో మధ్యతరగతి ఇంటిముందుకు కారు రావడం 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన తరువాతి కథ. ఆనాటి కార్లలో అద్దాలు చేత్తో తిప్పి దించేవాళ్లం. తలుపు దగ్గర ఉండే చిన్న గుబ్బను పైకి లాగితే తాళం వచ్చేసేది. చలువ యంత్రం చాలామందికి లేదు గనుక అద్దాలు సగం దిగే ఉండేవి. క్రమంగా చలువ యంత్రం, విద్యుత్తుతో నడిచే అద్దాలు, ఒక్క మీటతో నాలుగు తలుపులకూ పడే తాళం, వెనుక తలుపు లోపలినుంచి తెరుచుకోకుండా చేసే పిల్లల తాళం వచ్చాయి. ఇవన్నీ సౌకర్యానికీ రక్షణకూ వచ్చినవే. అవన్నీ కలిసి కారును గట్టిగా మూసుకుపోయే పెట్టెగా మార్చాయి.

అమెరికాలో ఈ చరిత్రకు ఇంకొక మలుపు ఉంది. 1990 దశకంలో అక్కడి కార్లలో ముందు సీటు ప్రయాణికుడికీ గాలి సంచులు వచ్చాయి. పెద్దవాళ్ల ప్రాణం కాపాడే ఆ సంచి, విచ్చుకునే వేగానికి ముందు సీటులోని పసిపిల్లలను బలి తీసుకుంది. పిల్లలను వెనుక సీటులోనే, శిశువులను వెనక్కి తిరిగి ఉండే సీటులో కూర్చోబెట్టాలని నిపుణులు చెప్పారు. అది సరైన సలహాయే, ఈనాటికీ పాటించవలసినదే. కాని దాని నీడలో మరొక ముప్పు పెరిగింది. వెనుకనున్న బిడ్డ తల్లిదండ్రుల కంటికి ఆనదు. ఆ బిడ్డ నిద్రపోతే చెవికీ ఆనదు. సీటులో బిడ్డ ఉన్నా లేకపోయినా ముందునుంచి చూస్తే ఒక్కలాగే కనిపిస్తుంది.

ఆ దేశంలో జాన్ నల్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1998 నుంచి ఈ మరణాలను లెక్కగట్టారు. 2025 నాటికి ఆ సంఖ్య వెయ్యి దాటింది. 2018, 2019 సంవత్సరాలలో ఏడాదికి 50 మందికి పైగా పిల్లలు పోయారు. వీరిలో సగానికి పైగా పెద్దలు మరిచిపోయినవారు. సుమారు నాలుగో వంతు మంది తామే కారులోకి వెళ్లి చిక్కుకున్నవారు. మిగిలినవారిలో ఎక్కువమంది పెద్దలు తెలిసే వదిలివెళ్లినవారు.

ఎండ కారులో ఎంత పని చేస్తుందో వినండి. 2005లో జాన్ నల్, మరికొందరు పరిశోధకులు కలిసి పిల్లల వైద్య పత్రికలో ఒక పరిశీలన ప్రకటించారు. ఆపి ఉంచిన కారు లోపలి వేడి ఒక గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే పెరిగింది. అద్దం కాస్త దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. వెలుగు అద్దంలోనుంచి లోపలికి వస్తుంది, సీట్లనూ ముందరి పలకనూ కాలుస్తుంది, ఆ వేడి తిరిగి బయటకు పోలేదు. ఆ లెక్కన బయట 35 డిగ్రీలుంటే లోపల 57. మన మే నెలలో 35 డిగ్రీలంటే చల్లని రోజు! పసిబిడ్డ ఒళ్లు పెద్దవాళ్ల ఒంటికన్నా మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. ఒంటి వేడి 40 డిగ్రీలకు చేరితే వడదెబ్బ. మరి రెండు డిగ్రీలు పెరిగితే ప్రాణానికే ముప్పు.

ఇది అమెరికావాళ్ల బాధ, మనకెందుకు అని మీరనుకోవచ్చు. 2022 జూన్‌లో మన తమిళనాడులోనే, తిరునెల్వేలి జిల్లా పణగుడి దగ్గర, నిలిపి ఉంచిన కారులో ఆడుకుంటూ చిక్కుకుని ముగ్గురు పిల్లలు చనిపోయారు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణలోని చేవెళ్ల మండలం దామరగిద్దలో, పెళ్లిపనులమీద బంధువుల ఇంటికి వచ్చిన కుటుంబాలలో నాలుగైదేళ్ల పాపలిద్దరు కారులో చిక్కుకుని పోయారు. ఆ మరుసటి నెలలో, మే 18న, విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు అదే విధంగా పోయారు. ఆడుకోవడానికి వెళ్లిన పిల్లలకోసం ఊరంతా వెతికారు. సామెతలో మాట ఇక్కడ నిజమైంది, కాని నవ్వేవారు లేరు.

ఈ మూడు చోట్లా పిల్లలు తామే కారులోకి వెళ్లారు. పెద్దలు మరిచిన ఉదంతం 2024 మే నెలలో రాజస్థాన్‌లోని కోటా జిల్లాలో జరిగింది. ఒక కుటుంబం పెళ్లికి వెళ్లింది. తల్లి, పెద్దకూతురు ముందు దిగారు. తండ్రి కారు నిలపడానికి వెళ్లాడు. చిన్నపాప తల్లితోనే దిగిందని తండ్రి, తండ్రి దగ్గరే ఉందని తల్లి అనుకున్నారు. ఇద్దరూ పెళ్లిలో వేర్వేరు చోట్ల బంధువులతో మాట్లాడుతూ ఉండిపోయారు. తరువాత ఒకరినొకరు 'పాప ఏదీ?' అని అడిగేసరికి మూడేళ్ల ఆ పాప వెనుక సీటులో ప్రాణం లేకుండా ఉంది.

ఏటిని దాటి లెక్కపెట్టుకున్న పరమానందయ్య శిష్యుల కథ మీకు తెలుసు. తమిళంలో ఇదే కథ పరమార్థ గురువు శిష్యుల పేరుతో ఉంది. ఒక్కొక్కడూ మిగతావాళ్లనే లెక్కపెట్టి తనను వదిలేశాడు. మన పెళ్లిళ్లలో జరిగేది దాదాపు ఇదే. అమ్మమ్మ, పిన్ని, బాబాయి, మేనత్త ఉన్న ఇల్లు బిడ్డకు పెద్ద అండ. ఆ అండలోనే ఒక లొసుగు ఉంది. పదిమంది చూస్తున్నారంటే, ఒక్కొక్కసారి ఎవరూ చూడడం లేదని అర్థం.

ఇక ముఖ్యమైన ప్రశ్న. కన్న బిడ్డను ఎవరైనా మరుస్తారా? అది తల్లేనా, అతడు తండ్రేనా? వార్త విన్న వెంటనే మనందరి నోటా వచ్చే మాట ఇదే. డేవిడ్ డైమండ్ అనే అమెరికన్ మెదడు శాస్త్రవేత్త దీనిని చాలాకాలం పరిశీలించారు. రోజూ వెళ్లే దారిలో బండిని అలవాటే నడిపిస్తుంది. 'ఈరోజు బిడ్డను శిశు సంరక్షణ కేంద్రంలో దింపాలి' అన్నది కొత్త పని, అది మెదడులో వేరే భాగం చూసుకునే పని. నిద్ర చాలక, పని ఒత్తిడిలో, ఫోను మోగినప్పుడు అలవాటు గెలిచి కొత్త పని ఓడిపోతుంది. ఘోరం ఏమిటంటే, బిడ్డను దింపేశామన్న నమ్మకం కూడా మనసులో ఏర్పడవచ్చు. అందుకే ఆ తండ్రి సాయంత్రం వరకు నిశ్చింతగా పని చేసుకుంటాడు. 2009లో జీన్ వైన్‌గార్టెన్ అనే పత్రికా రచయిత ఇటువంటి తల్లిదండ్రులను గురించి రాసిన వ్యాసానికి మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది. బిడ్డను మరిచినవారిలో పోలీసు ఉద్యోగి, పిల్లల వైద్యుడు, రాకెట్ శాస్త్రవేత్త కూడా ఉన్నారు. ప్రేమ లేక మరిచినవారు కారు.

ఇక్కడొక తేడా గమనించాలి. 'రెండు నిమిషాల్లో వచ్చేస్తాను' అని తెలిసే బిడ్డను కారులో వదిలి కొట్లోకి వెళ్లడం మరపు కాదు, నిర్లక్ష్యం. దానికి సమర్థన లేదు. మరపుకు శిక్ష ఉండాలా వద్దా అన్నది కోర్టుల పని. మన దేశంలో 2024 జులై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను నిర్లక్ష్యంవల్ల కలిగిన మరణానికి శిక్ష చెబుతుంది. కాని 'నేనైతే ఎన్నటికీ మరవను' అనుకునే మనిషిని ఏ చట్టమూ కాపాడలేదు. అలా అనుకున్నవాడు ఏ జాగ్రత్తా తీసుకోడు. ఇతరులను నిందించడంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే.

కొన్ని దేశాలు మరపును మనిషి స్వభావంగా ఒప్పుకుని మందు వెతికాయి. ఇటలీలో నాలుగేళ్లలోపు పిల్లల సీటుకు బిడ్డను మరిస్తే హెచ్చరించే పరికరం ఉండాలని 2018లో చట్టం చేశారు. అది 2019 నవంబరులో అమలులోకి వచ్చింది. అమెరికాలో కొత్త కార్లకు వెనుక సీటు చూడమని గుర్తుచేసే ఏర్పాటు ఉండాలని 2021 చట్టంలో చేర్చారు. మన దేశంలో 2019 మోటారు వాహనాల సవరణ చట్టం పిల్లలను బెల్టుతో గాని, పిల్లల సీటుతో గాని కట్టి కూర్చోబెట్టాలంటుంది. అది ఢీకొన్నప్పటి రక్షణకు. కారు ఆగిన తరువాతి రక్షణ మన చేతుల్లోనే ఉంది.

ఉపాధ్యాయులకు ఈ విషయంలో ఒక పాత సాధనం తెలుసు. అదే హాజరు పట్టీ. విహారయాత్రకు వెళ్తే బస్సు ఎక్కేటప్పుడు లెక్క, దిగేటప్పుడు లెక్క, చివర ఒకరు బస్సు వెనుక వరుస దాకా నడిచి చూడడం. 2022 సెప్టెంబరులో ఖతర్ దేశంలో నిద్రపోయిన నాలుగేళ్ల భారతీయ బాలికను గమనించక బడి బస్సుకు తాళం వేయడంవల్ల ఆ పాప చనిపోయింది. పది అడుగులు వెనక్కి నడిస్తే దక్కే ప్రాణం అది. గల్ఫులో ఉన్న మన తెలుగు తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంట్లో మీరు చేయగలిగినవి ఇవి. మీ చేతి సంచో, ఫోనో, ఎడమకాలి చెప్పో వెనుక సీటులో బిడ్డ దగ్గర పెట్టండి. అది తీసుకోకుండా దిగలేరు. పోయిన స్పర్శను తిరిగి తెచ్చుకునే ఉపాయం ఇది. బిడ్డను ఒకరి చేతినుంచి మరొకరు తీసుకునేటప్పుడు 'పాప నా దగ్గరుంది' అని నోరు తెరిచి చెప్పండి. ఇంటిముందు కారుకు ఎప్పుడూ తాళం వేయండి, తాళంచెవి పిల్లలకు అందనివ్వకండి. పిల్లలు కనిపించకపోతే బావి, నీళ్లతొట్టితో పాటు ముందుగా కార్లు చూడండి. చిక్కుకుంటే హారను నొక్కమని నేర్పండి. తాళం తిప్పకపోయినా చాలా కార్లలో అది మోగుతుంది, మీ కారులో మోగుతుందో లేదో ఇవాళే చూసుకోండి. ఎవరి కారులోనైనా ఒంటరి బిడ్డ కనిపించి, పలకకపోతే బిడ్డకు దూరంగా ఉన్న పక్క అద్దం పగలగొట్టి బయటకు తీసి, ఒళ్లు నీళ్లతో తడిపి, 108కి ఫోను చేయండి. అద్దం ఖరీదు తరువాత చూసుకోవచ్చు.

చివరిగా ఒక్క మాట. మీ బిడ్డ బడికో, శిశు సంరక్షణ కేంద్రానికో రాకపోతే వెంటనే మీకు ఫోను చేయమని వాళ్లను అడగండి. వాళ్లు చేసినప్పుడు 'ఈరోజు రాదని తెలియదా?' అని విసుక్కోకండి. తొమ్మిదింటికి పేరు పిలిచినప్పుడు పలకని ఒక్క గొంతు కోసం ఎవరో వెతికారంటే, ఆ ఫోను వృథా కాదు.