గోదావరి తీరపు కొయ్యపని

గోదావరిఖని పేరు వినినంతనే మనకు బొగ్గు తోచును గాని కొయ్య తోచదు. అయినను ఈ నేలకు కొయ్యతో గల చుట్టరికము మిక్కిలి పాతది. బొగ్గే ఒకనాటి కొయ్య. 25 కోట్ల ఏండ్లకు మునుపు ఈ లోయలోని చిత్తడి నేలలయందు పెరిగిన చెట్లు కూలి, ఇసుకయు మన్నును మీద పడగా అణగి, నలుపెక్కి బొగ్గయినవి. ఆ కాలపు చెట్ల ఆకుల అచ్చులు గోదావరి లోయ రాళ్లలో నేటికిని దొరకుచున్నవి. ఆ పాత అడవిని త్రవ్వుటకు తోడుపడిన కొత్త అడవిని గూర్చియు, అట్టి అడవులనుండియే చేతిపనివారు చేసి పంచిన కానుకలను గూర్చియు నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

ఇల్లెందు చెంత బొగ్గు గలదని 1871లో డాక్టరు కింగు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కును పొందెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. 1945లో హైదరాబాదు సంస్థాన ప్రభుత్వము అందు అధిక భాగమును తన వశము చేసికొనెను. 1960 ప్రాంతమున గనులు రామగుండమునకు వచ్చెను. బొగ్గుబాయిల చుట్టు గోదావరిఖని పట్టణము పెరిగెను.

బొగ్గు తీసినచోట నేల క్రింద ఖాళీ ఏర్పడును. దాని పైకప్పు కూలకుండ నిలుపునది యేది? చాలకాలము వరకు కొయ్యయే. టింబర్‌మన్ అని పిలువబడు పనివాడు గొడ్డలితోను రంపముతోను దుంగను కొలతకు కోసి, పైకప్పు క్రింద బిగువుగా నిలిపెడివాడు. కొయ్యకు ఒక మంచి గుణము గలదు. మితిమీరిన బరువు పడినపుడు అది ఒక్కసారిగ విరుగదు. ముందు కిర్రుమనును, నార చీలును. ఆ చప్పుడు విని వెనుకకు తగ్గి ప్రాణము దక్కించుకొనుట గనిపనివారికి తెలిసిన విద్య. తరువాతి కాలమున ఉక్కు ఊతలును, పైకప్పులో బిగించు ఇనుప బోల్టులును వచ్చి, దుంగల వాడుకను తగ్గించినవి.

ఒక కొయ్య ఇట్లు చీకటిలో బరువు మోయుచుండగా, మరియొక కొయ్య వెలుగులో పిల్లల చేతికి ఎక్కెను. ఇదే గోదావరి వెంట ఎగువకు పోయినచో, మంచిర్యాల దాటి, ధర్మపురి దాటి, నిర్మల సీమ వచ్చును. అచ్చటి నకాషీవారు పొణికి చెట్టు కొయ్యతో పండ్లు, పక్షులు, మృగములు మొదలగు బొమ్మలను చేయుదురు. 1955లో వారికొక సహకార సంఘము ఏర్పడెను. 2009లో నిర్మల బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించెను.

పొణికి మిక్కిలి తేలికయైనది, మెత్తనైనది; ఉలికి సులువుగ లోబడును. దానిని మొదట తడి పోవునట్లు ఆరబెట్టుదురు. తడి కొయ్యతో చేసిన బొమ్మ నెల తిరుగకముందే పగులును. పిమ్మట అవయవములను వేరువేరుగ చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకుదురు. అతుకు కానరాకుండ నునుపుచేసి, తెల్లని పూత పూసి, పిదప రంగులు దిద్దుదురు. కృష్ణాతీరమున కొండపల్లివారి పద్ధతియు ఇంచుమించు ఇట్టిదే. ఈ జిగురు ముద్దను వారు మక్కు అందురు. విశాఖ సీమలో వరాహనది యొడ్డున గల ఏటికొప్పాకవారు మాత్రము అంకుడు కొయ్యను చక్రముపై త్రిప్పుచు, లక్కరంగును అద్దుదురు.

ఈ మూడు ఊళ్లవారికిని ఇల్లు అడవియే. ఇక్కడనే చిక్కు గలదు. అంకుడు చెట్టును నరికినను మొదలునుండి మరల చిగుర్చును. పొణికి అట్లు సులభముగ పెరుగదు. నిర్మల చుట్టుపట్ల అది అరుదై, పనివారు కొయ్యకై దూరము వెదుకవలసి వచ్చుచున్నది. ఉలి యున్నను, నేర్పరి యున్నను, చెట్టు లేనిచో బొమ్మ లేదు. తండ్రినుండి కొడుకునకు వచ్చిన విద్య, వేరు లేక ఎండిన కొమ్మవలె ఆగిపోవును. నేలలోని బొగ్గు ఒకసారి తీసిన మరల రాదు. చెట్టు మాత్రము నాటినచో వచ్చును. ఈ భేదమును మరువరాదు.

పొలము గట్టున, అడవి యంచున తిరుగు అలవాటు గలవారు మనలో పెక్కురు. తీరిక వేళ ఉలి పట్టుట అట్టివారికి మంచి వినోదము. అయితే పచ్చని చెట్టును కొట్టవలదు. రక్షిత అడవిలో కొట్టుట నేరము కూడ. గాలికి విరిగిన పెరటి వేపకొమ్మ చాలును. వేపకు పురుగు తొందరగా పట్టదు. తుమ్మకొయ్య గట్టిది, పనిముట్ల పిడులకు మేలు. చింతమొద్దు రోటికిని, కూరలు తరుగు పీటకును తగినది. కొయ్యను నీడలో మెల్లగ ఆరనిచ్చి, పిదపనే పనిచేయుడు.

నడక నేర్చు మనుమనికి మూడు చక్రాల బండి, మనుమరాలికి కుంకుమ భరిణ, ముసలి మిత్రునికి చేతికర్ర: ఇవి అంగడిలో కొన్నదానికంటె ఎక్కువ కాలము గుర్తుండును. వానిలో ఇచ్చినవాని చేయి కానవచ్చును.

కావున పెద్దలారా, ఈ వానకాలమున బొమ్మ చేయదలచిన ప్రతివాడును ఒక మొక్కను నాటుగాక. నిర్మల సీమవారు పొణికిని నాటిన మరియు మంచిది. ఆ చెట్టును చెక్కునది మనము కాకపోవచ్చును. ఆ బొమ్మతో ఆడుకొనువారు మన మునిమనుమలే.