పసుపుపచ్చ కారు, పాత మోజు

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ కార్లు 2.83 కిలోమీటర్ల ట్రాక్ మీద దూసుకెళ్లాయి. హైదరాబాద్‌కు కార్ల మోజు మాత్రం అంతకు నూరేళ్ల ముందే పట్టింది.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరిచ్చి, అది చేతికందకముందే 1911లో కన్నుమూశారు. ఆ కారుది పసుపుపచ్చ రంగు, వెనక సింహాసనంలాంటి సీటు.

అప్పట్లో కారుకు మన్నికే అసలు పరీక్ష. 1907లో ఓ సిల్వర్ ఘోస్ట్ దాదాపు 15,000 మైళ్లు తిరిగి పేరు తెచ్చుకుంది. 1896 నాటి యాత్ర గుర్తుగా 1927లో మళ్లీ మొదలైన లండన్-బ్రైటన్ పరుగులో నేటికీ 1905కు ముందటి కార్లే పాల్గొంటాయి. అది పందెం కాదు. ఆగిపోకుండా గమ్యం చేరితే అదే గెలుపు.

నిజాం కారు హైదరాబాద్‌లోని చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. స్టేషన్ ఘన్‌పూర్ వాళ్లైతే సికింద్రాబాద్ రైలెక్కి, పిల్లల్ని వెంటబెట్టుకుని చూసి రండి.