బేరింగు

తిరిగే షాఫ్టు బరువు మోస్తూ, రాపిడిని వీలైనంత తగ్గించే యంత్రభాగం బేరింగు. షాఫ్టు నేరుగా బుష్ అనే తొడుగులో తిరిగితే అది సాదా బేరింగు. మధ్యలో గుండ్లు దొర్లితే బాల్ బేరింగు, రోలర్లు దొర్లితే రోలర్ బేరింగు. మాట ఇంగ్లిషుదైనా అవసరం మనకు పాతదే. ఎడ్లబండి చక్రం ఇరుసు మీదే తిరిగేది కనుక గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి కందెన పూసేవారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్న సామెత ఆ కీచుమోతను విన్నవాళ్లదే.

దొర్లించే ఆలోచన కూడా ప్రాచీనమే. ఇటలీలో నేమి సరస్సు అడుగున దొరికిన 1వ శతాబ్దపు రోమన్ ఓడల్లో, తిరిగే వేదిక కింద అమర్చిన కంచు గుండ్లు బయటపడ్డాయి. బండి ఇరుసుకు బాల్ బేరింగు అమర్చే పద్ధతికి వేల్స్‌కు చెందిన ఫిలిప్ వాన్ 1794లో పేటెంటు పొందాడు. అయితే ఒకే కొలత గల గుండ్లు చేయడం అప్పట్లో సాధ్యం కాలేదు. ఒక్క గుండు వెంట్రుకవాసి పెద్దదైనా బరువంతా దాని మీదే పడి అది ముందు పగులుతుంది.

అందుకే ఆవిరి యంత్రాల కాలమంతా సాదా బేరింగుదే. 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ తగరంలో యాంటిమొని, రాగి కలిపిన మిశ్రలోహాన్ని బేరింగు లోపలి పూతగా ప్రవేశపెట్టాడు. షాఫ్టు కంటే మెత్తగా ఉండడమే దాని గొప్ప గుణం. నూనెలో వచ్చిన ఇసుక రేణువు ఆ మెత్తదనంలో దిగబడిపోతుంది, షాఫ్టును గీకదు. నూనె ఆగిపోతే ముందు ఈ పూతే కరుగుతుంది. పూత మళ్లీ పోసుకోవచ్చు. పాడైన షాఫ్టుకయ్యే ఖర్చు వేరు.

నూనె అసలేం చేస్తుందో మాత్రం 1883 దాకా తేలలేదు. ఇంగ్లండులో బోషాంప్ టవర్ రైలు ఇరుసు బేరింగును పరీక్షిస్తూ, నూనె పోయడానికి దాని నడినెత్తిన రంధ్రం వేశాడు. షాఫ్టు తిరగగానే ఆ రంధ్రంలోంచే నూనె పైకి ఉబికింది. బిరడా బిగిస్తే అదీ బయటికి వచ్చింది. ప్రెషర్ గేజి పెట్టి చూస్తే, బేరింగు మీది సగటు ఒత్తిడికి రెట్టింపు పైచిలుకు ఉంది. తిరిగే షాఫ్టు నూనెను తానే లోపలికి లాక్కుని, ఆ పొర మీద తేలుతోందన్నమాట. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సిద్ధాంతం రాశాడు. బేరింగుల చరిత్రలో ఇంతకంటే పెద్ద మలుపు లేదు.

అదే 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో ఫ్రీడ్రిక్ ఫిషర్ ఉక్కు గుండ్లను ఒకే కొలతకు సానపట్టే యంత్రం తయారుచేశాడు. సైకిళ్లు ఆ గుండ్ల మీదే పరుగెత్తాయి. పక్క తోపును కూడా మోసే టేపర్ రోలర్ బేరింగుకు 1898లో హెన్రీ టిమ్‌కెన్ పేటెంటు తీసుకున్నాడు. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ బట్టల మిల్లు ఇంజనీరు స్వెన్ వింగ్‌క్విస్ట్‌ది వేరే బాధ. బంకమట్టి నేల కుంగినప్పుడల్లా షాఫ్టులు వంకరపోయి బేరింగులు చెడిపోయేవి. బయటి రింగు లోపలి ముఖాన్ని గోళాకారంగా మలిచి, షాఫ్టు వాలితే తానూ వాలే బేరింగును 1907లో చేశాడు. ఎస్‌కేఎఫ్ సంస్థ పుట్టింది దానితోనే. రెండో ప్రపంచయుద్ధంలో మిత్రపక్షాలు ష్వైన్‌ఫుర్ట్ బేరింగు కర్మాగారాల మీద బాంబులు వేశాయి. 1943 అక్టోబరు 14 దాడిలో 60 అమెరికన్ బాంబర్లు కూలాయి. మన దేశంలో స్వాతంత్ర్యానికి ముందే, 1946లో, జైపూర్‌లో బేరింగుల తయారీ సంస్థ ఏర్పడింది.

1947లో పరిశోధకులు లుండ్‌బర్గ్, పామ్‌గ్రెన్ ఇచ్చిన సూత్రం ప్రకారం బరువు రెట్టింపైతే బాల్ బేరింగు ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అయితే లెక్కకట్టిన ఆయుష్షు అందాలంటే దుమ్ము చొరకూడదు, గ్రీజు సరిపడా ఉండాలి, బిగింపు సరిగ్గా ఉండాలి. షాఫ్టుకు బిగించేటప్పుడు లోపలి రింగునే నొక్కాలి. బయటి రింగు మీద సుత్తితో కొడితే ఆ దెబ్బ గుండ్ల గుండా పోయి, అవి దొర్లే గాడిలో సొట్టలు వేస్తుంది. అలాంటి బేరింగు మొదటిరోజు నుంచే గరగరమంటుంది.

ఇప్పుడు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవులతో నడిచే మోటార్లలో కొత్త జబ్బు వచ్చింది. షాఫ్టులో చేరిన కరెంటు పలచని నూనె పొరను చీల్చుకుని దూకుతూ, గాడి మీద చిన్న చిన్న గుంటలు చేస్తుంది. కొన్నాళ్లకు అవి వరస చారలవుతాయి. అలాంటి చోట ఉక్కు రింగుల మధ్య, కరెంటు పారని సిలికాన్ నైట్రైడ్ గుండ్లు వేస్తున్నారు. వాటి బరువు ఉక్కు గుండ్లలో సగం కూడా ఉండదు.